కాపుడిగిన మామిడికి కత్తివైద్యం



ముసలి మామిడిచెట్టు కాపు తగ్గిందంటే మన ఇళ్ళల్లో రెండు మాటలే వినిపిస్తాయి. "తాతగారు వేసిన చెట్టు, ఉండనివ్వండి" అని ఒకరు, "కలపకు అమ్మేస్తే నాలుగు డబ్బులొస్తాయి" అని ఇంకొకరు. వీటికి తోడు మూడో దారి ఒకటుంది. అది నిన్న మొన్న పుట్టింది కాదు. ఆ కథే ఈ పూట చెప్పుకుందాం.

6వ శతాబ్దంలో ఉజ్జయినికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహిత రాశాడు. అందులో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయముంది. చెట్టుకు జబ్బు చేస్తే ఆకులు పాలిపోతాయి, చిగుళ్ళు ఎదగవు, కొమ్మలు ఎండుతాయి, రసం కారుతుందన్నాడాయన. ముందు చెడిన భాగాన్ని కత్తితో తీసెయ్యాలి. తర్వాత వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీళ్ళు పోయాలి. కాయ నిలవని చెట్టుకు ఉలవలు, మినుములు, పెసలు, నువ్వులు, యవలు వేసి కాచి చల్లార్చిన పాలు పోయమన్నాడు. సగం మందులు మన వంటింటి డబ్బాల్లోవే కదండీ!

చెట్టుకీ చెట్టుకీ మధ్య 20 మూరలుంటే ఉత్తమమనీ, కొమ్మలూ వేళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటే సరిగా కాయవనీ కూడా చెప్పాడు. 20 మూరలంటే సుమారు 30 అడుగులు.

ఆ తర్వాత సురపాలుడు ఇదే విషయం మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డు గ్రంథాలయంలో ఉండిపోయింది. నళినీ సాధలే గారి ఇంగ్లీషు అనువాదంతో 1996లో మన సికిందరాబాదు నుంచే అది అచ్చయింది.

మరి ఇంత తెలిసినవాళ్ళం మామిడి జోలికి ఎందుకు పోలేదు? మామిడి కొమ్మ చివరనే పూస్తుంది. చివర కోస్తే పంట పోతుందని భయం. అంటుమొక్కల తోటలు 33 అడుగుల దూరంలో వేసినవైనా, నలభై యాభై ఏళ్ళకు కొమ్మలు కలిసిపోతాయి. లోపలికి ఎండ దూరదు. కాపు పైపైకి పోయి, చివరికి ఉడిగిపోతుంది.

1972లో లక్నోలో మామిడి పరిశోధనా కేంద్రం ఏర్పడింది. తర్వాత పెద్ద సంస్థగా ఎదిగి, ఇలాంటి తోటలకు పద్ధతి ఒకటి తీర్చింది. డిసెంబరు, జనవరి నెలల్లో మూడు నాలుగు పెద్ద కొమ్మలుంచి మిగతావి తీసేస్తారు. ఉంచినవాటిని పది పన్నెండు అడుగుల ఎత్తులో కోస్తారు. బెరడు చీలకుండా ముందు అడుగువైపు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. గాయానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో ముద్ద పూయాలి. చిగుళ్ళు గుంపుగా వస్తాయి. వాటిలో బయటివైపుకు తిరిగిన బలమైనవే ఉంచాలి. కాండం తొలిచే పురుగు పట్టకుండా కనిపెట్టుకుని ఉండాలి.

నెయ్యీ పాలూ పనిచేశాయా అని వాదించుకోవచ్చు. వరస మాత్రం మారలేదు: ముందు కోత, తర్వాత పూత, ఆపైన పోషణ.

కష్టమల్లా ఓపిక పట్టడమే. మళ్ళీ కాపు రావడానికి సుమారు మూడేళ్ళు పడుతుంది. తోట మీదే బతికే ఇల్లాలికి ఆ మూడేళ్ళు ఎలా గడుస్తాయి? అందుకే తోటంతా ఒకేసారి కోయకుండా వరస విడిచి వరస కోయించుకోవడం మేలు. 2005-06లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్‌లో ముదురుతోటల పునరుద్ధరణకు సాయం కూడా చేర్చారు.

మొదలు గట్టిగా ఉన్న చెట్టును గొడ్డలికి అప్పగించే ముందు, ఒక్కసారి రంపంతో వైద్యం చేయించి చూడండమ్మా.