పళ్ళు కొరికే పిల్లలు, మోదుగ గింజ

పిల్లలు నిద్రలో పటపటా పళ్ళు కొరికితే మన గూడేల్లో అవ్వలు "కడుపులో పురుగులు పడ్డాయి" అనేవారు. మోదుగ గింజలు నానబెట్టి, పైపొట్టు తీసి, ఎండబెట్టి దంచి, ఆ పొడిని తేనెతో నాకించేవారు. ఇదే గింజ 1868లో లండన్‌లో అచ్చయిన 'ఫార్మకోపియా ఆఫ్ ఇండియా'లో పురుగుల మందుగా చేరింది. చెట్టు పేరు పుస్తకమెక్కింది, అవ్వల పేర్లు ఎక్కలేదు.

2015లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం మొదలైంది. ఇప్పుడు బడిలో ఆల్బెండజోల్ మాత్ర మేమే నమిలిస్తున్నాం. పళ్ళు కొరకడానికి పురుగులే కారణమని వైద్యులు తేల్చలేదు; చాలామంది పిల్లల్లో వయసుతోపాటు అదే పోతుంది. మోదుగ పొడి మోతాదు మించితే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. అందుకే పసిపిల్లలకు వేయవద్దంటున్నాం. అవ్వల ముందు ఆ మాట అనడం మాకు కష్టమే. వాళ్ళు చెప్పిన పద్ధతిని మాత్రం వాళ్ళ పేర్లతోనే పిల్లల చేత నోటుపుస్తకాల్లో రాయిస్తున్నాం.