మౌలాలి నుంచి తార్నాక దాకా: రెండు వైద్యాల కథ

మౌలాలి గుట్ట మెట్లెక్కి పడమరకూ నైరుతికీ చూపు సారిస్తే, కొద్ది మైళ్ల మేరలో ఎన్ని ఆసరాలున్నాయో! లాలాగూడలో రైల్వే ఆస్పత్రి, తార్నాకలో ఆర్టీసీ ఆస్పత్రి, ఆ చేరువలోనే జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడ దారిలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉస్మానియా రోడ్డులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట ఉన్న ఆస్పత్రి. వీటన్నిటి మధ్య, మెస్సుల వెనకా బస్టాపుల నీడలోనూ, కుక్కలు. వాటికి రోజూ అన్నం పెట్టేవాళ్లూ, వాటిని చూసి దారి మార్చుకునేవాళ్లూ ఒకే హాస్టల్లో ఉంటారు, ఒకే కాలనీలో ఉంటారు. ఇద్దరి తగవూ కొత్తది కాదు. మనిషిని ఆదుకోవడం, మూగజీవిని ఆదుకోవడం ఒక పనా రెండు పనులా అన్న ప్రశ్న తెలుగు నేల మీద ఇరవై మూడు శతాబ్దాల నాటిది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కిన అశోకుడి శాసనాలు 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. వాటిలో రెండోది వైద్యం గురించి. తన రాజ్యంలోనూ, పొరుగున చోళ పాండ్య దేశాల్లోనూ రెండు రకాల చికిత్స ఏర్పాటు చేశాననీ, ఒకటి మనుషులకు, ఒకటి పశువులకు అనీ రాజు చెబుతాడు. మూలికలు దొరకని చోటికి తెప్పించి నాటించాడట. దారుల పక్కన బావులు తవ్వించాడట, మనిషీ పశువూ తాగడానికి. కళింగ యుద్ధం తర్వాతి పశ్చాత్తాపం పదమూడో శాసనంలో ఉంటుంది. రెండో శాసనంలో కన్నీళ్లు లేవు, ఉన్నవల్లా మందులు, చెట్లు, నీళ్లు. నాకు పదమూడోదానికంటే ఈ రెండోదే గొప్పగా తోస్తుంది. గుండె కరగడం చాలామందికి జరుగుతుంది. కరిగాక బావి తవ్వించేవాళ్లు తక్కువ.

ఆ తర్వాతి శాసనాల్లో పశువు కనుమరుగవుతూ వస్తుంది. రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనం (1261) అపురూపమైనది. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం, అన్నీ అందులో ఉన్నాయి. పశువుల మాట లేదు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన దారుల్‌షిఫా యునానీ వైద్యానికి పెద్ద దిక్కు, అదీ మనుషులకే. పశువైద్యం రాజుల ఏనుగుశాలలకూ గుర్రపుసాలలకూ, ఊళ్లో అయితే గొల్లల, రైతుల నాటువైద్యానికీ మిగిలింది.

కథల్లో మాత్రం రెండూ విడిపోలేదు. అబ్దుల్లా కుతుబ్ షాను మదమెక్కిన ఏనుగు అడవిలోకి ఎత్తుకుపోయినప్పుడు, తల్లి హయాత్ బక్షీ బేగం అడవి చెట్ల కొమ్మలకు అన్నం మూటలు కట్టించిందని నగరంలో చెప్పుకుంటారు, ఏనుగు మీదున్న పిల్లాడి చేతికి అందుతాయని. కొడుకు తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువున్న బంగారు గొలుసు ఇస్తానని మొక్కుకుందనీ, అదే మొహర్రం లంగర్ ఊరేగింపుకు మూలమనీ అంటారు. ఏనుగును చంపించమని ఆ తల్లి అడిగినట్టు కథ ఎక్కడా చెప్పదు.

మనుషులకు ఆసరా అయినవాళ్ల గుర్తూ ఈ చుట్టుపక్కలే ఉంది: మౌలాలి గుట్ట పాదాన మహ్ లఖా బాయి చందా సమాధి. ఈ ఉర్దూ కవయిత్రి (1768–1824) తల్లి కోసం 1792లో కట్టించిన చోటే తానూ నిద్రపోతోంది. ఆమె అడిక్‌మెట్ జాగీరు నేల మీదే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. ఆమె తవ్వించిన దిగుడుబావి ఇప్పటికీ ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఆవరణలో ఉంది. ఆస్తిని దిక్కులేని ఆడవాళ్లకు రాసిచ్చిందని చెబుతారు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ నగరంలో దయ ఒక వింత మలుపు తిరిగింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీకి ఒక పట్టుదల ఉండేది. శస్త్రచికిత్సలో క్లోరోఫాం ఇస్తే ఆగేది ఊపిరే కానీ గుండె కాదనీ, నాడిని కాక శ్వాసను కనిపెడితే చాలుననీ ఆయన వాదం. దాన్ని రుజువు చేయడానికి 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి పనిచేశాయి. రెండోదానికి నిజాం మహబూబ్ అలీ పాషా వెయ్యి పౌన్లు ఇచ్చి, ఇంగ్లండు నుంచి లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు వందలకొద్దీ ఆ పరీక్షల్లో పోయాయి. ఉద్దేశం మంచిదే, కోత పడే మనిషికి నొప్పి తెలియకూడదని. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడి వైద్య పాఠశాలలో చదువుకున్నదే, అదీ మన ఘనతే. కానీ లారీ తీర్పు తప్పని తేలింది. తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అన్ని ప్రాణాలూ పోయాక మిగిలింది ఒక తప్పు జవాబు. హైదరాబాద్ ఘనతల జాబితాలో ఈ కమిషన్ పేరు చదివినప్పుడల్లా ఆ జంతువుల పద్దు ఎక్కడ రాశారా అని వెతుకుతాను.

తార్నాకలోని కుక్కల కథ వేరు. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగం పెరిగి పెద్దదై 1958లో ఇక్కడికి వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యింది. దక్కన్‌లో జొన్న గటక, జొన్నరొట్టె తప్ప మరో దిక్కులేని పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మనసు కుంగిపోవడం దాని లక్షణాలు. మొక్కజొన్న తినేవాళ్లకే వస్తుందనుకున్న జబ్బు జొన్న తినేవాళ్లకెందుకు వస్తోంది? గోపాలన్, శ్రీకాంతియా 1960లో జొన్నలోని ల్యూసిన్ అధికం కావడమే కారణమని సూచించారు. ఆ తర్వాత గోపాలన్ బృందం కుక్కలకు జొన్న తిండి పెట్టి చూస్తే వాటికి నాలుక నల్లబడే జబ్బు వచ్చింది. కుక్క నల్లనాలుకకు మందు నియాసినేనని 1937లోనే ఎల్వెహెమ్ కుక్కల మీదే తేల్చాడు, మనిషి పెల్లాగ్రాకూ మందు అదే. ల్యూసిన్ వాదం మీద ఆ తర్వాత చాలా చర్చ జరిగింది. నా మనసులో నిలిచేది మాత్రం, పేదవాడి కంచంలోని జొన్న కుక్క నోట్లోనూ అదే జబ్బు పుట్టించిందన్న సంగతి. ఆ సంస్థే తర్వాత కళ్లు పోయే పిల్లలకు రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ మోతాదును పరీక్షించి 1970లో దేశానికి పథకమిచ్చింది. గోధుమ, శనగపప్పు, పల్లీ, బెల్లం కలిపిన 'హైదరాబాద్ మిక్స్' కూడా వాళ్లదే.

కుష్ఠు రోగుల విషయంలో మనుషుల్నే పశువులకన్నా దూరం పెట్టాం. 1915 నుంచి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, 1958లో కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రంతో రాణీ కుముదినీ దేవి ఆ దూరాన్ని కొంత తగ్గించారు.

మనిషికీ కుక్కకూ మధ్య పద్దు బాహాటంగా తెరుచుకునేది రేబిస్ దగ్గరే. 1885లో పాశ్చర్ మందు కుందేలు వెన్నుపాము నుంచి వచ్చింది. 1911లో కసౌలీలో సెంపుల్ చేసింది గొర్రె మెదడు నుంచి. ఒక తరం పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అవే. కొందరికి ఆ మందే పక్షవాతం తెచ్చేది. దేశంలో దాని తయారీ 2004 చివరికి గానీ ఆగలేదు. ఈలోగా పాల అభివృద్ధి బోర్డు 1982లో గాలికుంటు టీకా కోసం హైదరాబాద్‌లో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కుక్కలకు 'రక్షరాబ్', మనుషులకు 'అభయ్‌రాబ్' తయారుచేసింది. ఒకే గడప లోపల రెండు వైద్యాలు. ఎర్రగుడి బండ మీది మాటకు ఇంతకన్నా దగ్గరి రూపం నాకు తెలియదు.

కుక్కల్ని చంపి రేబిస్‌ను ఆపగలమన్న నమ్మకం మున్సిపాలిటీల్లో చాలాకాలం నడిచింది. మద్రాసులో బ్లూ క్రాస్ 1964 నుంచీ వేరే దారి చెబుతూ వచ్చింది: పట్టుకోండి, సంతానం లేకుండా ఆపరేషన్ చేయండి, టీకా వేయండి, తెచ్చిన చోటే వదలండి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల బ్లూ క్రాస్ పెట్టారు. 2001 నిబంధనలతో ఆ దారే దేశమంతటా చట్టమైంది. పది కుక్కల్లో ఏడింటికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అక్కడే మనం ఓడాం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ని కుక్కలు చంపాయి. ఆ తర్వాత కుక్కకు అన్నం పెట్టేవాణ్ని ఊరు పగవాడిలా చూసింది. తప్పు పట్టలేం. ఆపరేషన్, టీకా లేకుండా అన్నం మాత్రమే పెట్టడం సగం దయ, ఆ మిగతా సగం ఎవరో ఒక పిల్లాడి మీద పడుతుంది. అయితే టీకా వేయాల్సినవాళ్లు వేయకుండా అన్నం పెట్టేవాణ్ని నిందించడమూ అంతే సగం న్యాయం.

తార్నాక వైపు కాలనీల్లో కుక్కలకు అన్నం పెట్టేవాళ్లలో రిటైరైనవాళ్లు చాలామంది, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు. ఎందుకు చేస్తున్నారంటే పుణ్యం మాట ఎత్తరు. "నేను పోకపోతే అవి ఎదురుచూస్తయి" అంటారు, అంతే. ఇంట్లో ఎవరూ ఎదురుచూడని మనిషికి ఆ మాట చిన్నది కాదు. రేపు కూడా రావాలన్న బాధ్యత వాళ్ల సాయంత్రాలకు ఒక పని ఇచ్చింది. రోగి పక్కన కూర్చునే ఆయమ్మకూ ఇదే తెలుసు.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కల్ని తీసి, ఆపరేషన్ చేసి, టీకా వేసి ఆశ్రయాలకు తరలించాలనీ, తిరిగి అక్కడే వదలకూడదనీ ఆదేశించింది. విశ్వవిద్యాలయం, ఆస్పత్రులు, స్టేషన్లు ఇంత దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో ఆ ఆదేశం తాకని మూల తక్కువ. ఆశ్రయాలు ఎక్కడ కడతారు, అక్కడ ఎవరు చూస్తారు అన్నదానికి జవాబు ఇంకా తయారవ్వాలి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు. ఏ కుక్కకు చెవి చెక్కు చెదరకుండా ఉందో, ఏది పిల్లల్ని పెట్టి ఎక్కడ దాచిందో, ఏది ఎవరి చేతికీ చిక్కదో తెలిసినవాళ్లు అన్నం గిన్నె పట్టుకుని వెళ్లేవాళ్లే. వల పట్టుకొచ్చేవాళ్లు ముందు వాళ్లనే అడగాలి.