దాస్యమునకు సాక్ష్యము పలికిన నవల

దాస్యమును చిత్రించిన నవల చరిత్రకారునకు ఏపాటి ఆధారము? ఈ ప్రశ్నకు ఇరువురు రచయిత్రులను పోల్చి చూచుట యుక్తము.

హారియెట్ బీచర్ స్టోవ్ 1811లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగింపవలెనను 1850 నాటి శాసనము ఆమెను కలచివైచెను. 1852లో గ్రంథరూపమున వెలువడిన 'అంకుల్ టామ్స్ కాబిన్' తొలి యేటనే అమెరికాలో సుమారు 3 లక్షల ప్రతులు చెల్లెను. కల్పనయని ఆక్షేపించినవారికి ఆమె 1853లో ఆధారములనే ఒక సంపుటముగా కూర్చి బదులిచ్చెను. 1865లో బానిసత్వము రద్దయ్యెను. అచట నవల ముందు, విముక్తి వెనుక.

నల్లగొండలో ఈ క్రమము తలక్రిందులు. ఇచట దొరల గడీలలో వెట్టి యుండెను. దొరబిడ్డ వెంట అత్తవారింటికి పంపబడు 'ఆడబాప' యుండెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట రైతాంగము సాయుధమయ్యెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. ఈ జిల్లాలోని ఆకారమున జన్మించిన ముదిగంటి సుజాతారెడ్డి ఆ కాలమును 'మలుపు తిరిగిన రథచక్రాలు' నవలలో చిత్రించుట దశాబ్దముల తరువాతి మాట.

కావున మొదటిది ఉద్యమమునకు ప్రేరకము, రెండవది స్మృతికి రక్షకము. అయినను స్టోవ్ నేర్పిన పాఠము రెంటికిని వర్తించును: నవల ప్రక్కన సాక్ష్యము నిలువవలెను. వెట్టి నెఱిగిన వృద్ధులు నేడు మిక్కిలి అరుదు. వారి నోటిమాటను వ్రాసికొనుట పరిశోధక విద్యార్థుల తక్షణ కర్తవ్యము.