ఏకపార్టీ ఆధిక్యంలో ప్రతిపక్షం చోటు: తరిమెల, ఇల్లూరు, శింగనమల (1952–2024)

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్ అవతరణ నుంచి 1983 వరకు రాష్ట్రాన్ని కాంగ్రెస్ పార్టీయే పరిపాలించింది. ఈ కాలాన్ని చరిత్రకారులు సాధారణంగా సీట్ల లెక్కలతో వివరిస్తారు. అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, ఆ లెక్కల చాటున ఉన్న ప్రతిపక్ష బలాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకనాడు రాష్ట్రమంతటా వీచిన గాలికి ఎదురు నిలిచిన నేల, నేడు రాష్ట్ర తీర్పునే ప్రతిబింబించే నియోజకవర్గంగా ఎలా మారిందన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: ఏకపార్టీ ఆధిక్యం, శాసనసభ ఎన్నికలు, శింగనమల, తరిమెల నాగిరెడ్డి, నీలం సంజీవరెడ్డి, రిజర్వుడు నియోజకవర్గం, కరువు.

1. ప్రవేశిక

"శింగనమలలో గెలిచిన పార్టీదే రాష్ట్రంలో అధికారం" అన్న మాట ప్రతి ఎన్నికలలోనూ వినిపిస్తుంది. 2004, 2009లలో ఇక్కడ కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్ళీ తెలుగుదేశం గెలిచాయి. రాష్ట్రంలోనూ అదే వరుసలో ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. పత్రికలు దీనిని 'సెంటిమెంట్' అంటాయి. చరిత్ర విద్యార్థికి మాత్రం ఇది వివరణ కోరే విషయం.

నేటి శింగనమల నియోజకవర్గంలో శింగనమల, గార్లదిన్నె, నార్పల, బుక్కరాయసముద్రం, పుట్లూరు, యల్లనూరు మండలాలు ఉన్నాయి. ఇది షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన స్థానం. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి స్వగ్రామమైన తరిమెల శింగనమల మండలంలోనూ, కాంగ్రెస్ అగ్రనేత నీలం సంజీవరెడ్డి స్వగ్రామమైన ఇల్లూరు గార్లదిన్నె మండలంలోనూ ఉన్నాయి. అంటే తొలినాళ్ళ ఆంధ్ర రాజకీయాలలోని పాలకపక్షానికీ, ప్రతిపక్షానికీ చెందిన ఇద్దరు ప్రముఖులు నేటి ఈ ఒక్క నియోజకవర్గం పరిధిలోని వారే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1952 నాటి అనంతపురం స్థానానికీ, నేటి శింగనమలకూ హద్దులు ఒకటి కావు. అందువల్ల ఈ వ్యాసం ఒకే స్థానపు ఓట్ల లెక్కలను వరుసగా పోల్చడం లేదు. ఒక ప్రాంతపు రాజకీయ స్వభావంలో వచ్చిన మార్పును మాత్రమే పరిశీలిస్తుంది.

2. 1952: ఇంటిలోని ప్రతిపక్షం

మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఉమ్మడి మద్రాసు రాష్ట్ర శాసనసభలోని 375 స్థానాలకు కాంగ్రెస్‌కు దక్కినవి 152 మాత్రమే. కమ్యూనిస్టు పార్టీ 62 గెలిచింది. అనంతపురంలో నాగిరెడ్డి చేతిలో సంజీవరెడ్డి ఓడిపోయారు. సంజీవరెడ్డి అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా పనిచేశారు, 1951లో ఎన్.జి. రంగాను ఓడించి ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. పైగా నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ ఆయన సతీమణి. బావ, బావమరదుల మధ్య జరిగిన పోటీ ఇది.

ఈ ఫలితానికి సిద్ధాంతపరంగానూ ప్రాముఖ్యం ఉంది. సెలిగ్ హారిసన్ 1956లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఆంధ్ర కమ్యూనిస్టు ఉద్యమాన్ని కమ్మ, రెడ్డి కులాల పోటీ నేపథ్యంలో వివరించారు. డెల్టా జిల్లాల విషయంలో ఆ వివరణకు కొంత బలం ఉండవచ్చు. అనంతపురంలో అది నిలవదు. ఇక్కడ తలపడిన ఇద్దరూ రెడ్లే, భూస్వామ్య కుటుంబాలవారే, దగ్గరి బంధువులే. విభజన కులాల మధ్య కాక ఒకే వర్గం లోపల, భూమి గురించీ రాజ్యం గురించీ రెండు భిన్న దృక్పథాల మధ్య ఏర్పడింది.

3. 1955: ఓట్లు, సీట్లు

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం పంతులు మంత్రివర్గం మరుసటి సంవత్సరం నవంబరులో మద్యనిషేధం వివాదంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న భయం కాంగ్రెస్‌ను, రంగా కృషికార్ లోక్ పార్టీని, ప్రజా పార్టీని ఒక్కటి చేసింది.

ఈ ఐక్య కూటమికి 196 స్థానాలలో 146 వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీకి 15 మాత్రమే దక్కాయి. కానీ ఆ పార్టీకి పోలైన ఓట్లు సుమారు 31 శాతం. ప్రతి పది మంది ఓటర్లలో ముగ్గురు బలపరచిన పక్షానికి శాసనసభలో ఎనిమిది శాతం సీట్లు కూడా లేవు. ఒక్కొక్క స్థానంలో అత్యధిక ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో, విడిపోయిన ప్రత్యర్థులు ఏకమైతే ఏమవుతుందో ఈ ఎన్నిక చూపింది. ఆంధ్రలో కాంగ్రెస్ ఆధిక్యానికి పునాది ఇక్కడే పడింది. ప్రతిపక్షం ప్రజలలో అంతరించలేదు, శాసనసభలో మాత్రమే కనుమరుగైంది.

4. ఆధిక్యం పనిచేసిన తీరు

రజనీ కొఠారీ 1964లో 'కాంగ్రెస్ వ్యవస్థ' అన్న భావనను ప్రతిపాదించారు. ఆయన దృష్టిలో ఆధిక్య పార్టీ తన లోపలే భిన్న వర్గాలకు చోటిస్తుంది. బయటి పార్టీలు అధికారానికి రాలేకపోయినా ఆ వర్గాల ద్వారా ఒత్తిడి తెస్తాయి. ఆంధ్రప్రదేశ్ లెక్కలు దీనికి అనుగుణంగానే ఉన్నాయి. 1962లో 300 స్థానాలకు కాంగ్రెస్ 177, 1967లో 287కు 165, 1972లో 287కు 219 గెలిచింది. అదే మూడు ఎన్నికలలో స్వతంత్రులుగా గెలిచినవారు వరుసగా 51, 68, 57 మంది. వీరిలో పలువురు టికెట్ దక్కని కాంగ్రెస్ వర్గాలవారే. రాయలసీమ గ్రామకక్షల వాతావరణంలో ఊరిలో ఒక వర్గం కాంగ్రెస్ అయితే, రెండవ వర్గం రేపటి కాంగ్రెస్‌గా ఉండేది.

ఈ చట్రానికి లొంగని గొంతు నాగిరెడ్డిది. 1957లో ఆయన అనంతపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లో మార్క్సిస్టు పార్టీ తరఫున అనంతపురం శాసనసభ స్థానం గెలిచారు. ఆ సంవత్సరం రాష్ట్రం మొత్తంలో ఆ పార్టీకి వచ్చినవి 9 స్థానాలే. రాష్ట్రం ఒక తీర్పు చెబుతుండగా ఈ ప్రాంతం వేరొక తీర్పు చెప్పగలిగిన కాలమది. 1969లో నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవ మార్గం పట్టారు, 1976లో మరణించారు. ఆయన నిష్క్రమణతో జిల్లా చట్టసభల రాజకీయాలలో పాలకపక్షానికి బయట నిలిచిన బలమైన గొంతు లేకుండా పోయింది.

రెండవ పాత్రధారి కథలోనూ ఒక విశేషముంది. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన సంజీవరెడ్డి, 1977 లోక్‌సభ ఎన్నికలలో జనతా అభ్యర్థిగా నంద్యాల నుంచి గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాలలో కాంగ్రెస్‌కు దక్కనిది ఆ ఒక్కటే. ఆధిక్యాన్ని నిర్మించిన నాయకుడే చివరకు దానికి వెలుపల నిలిచిన ఏకైక విజేత అయ్యారు.

5. 1983 తరువాత: చేతులు మారిన ఆధిక్యం

1978 ఎన్నికల తరువాత అయిదేళ్ళలో కాంగ్రెస్ అధిష్ఠానం నలుగురు ముఖ్యమంత్రులను చూపింది. 1982 మార్చి 29న స్థాపితమైన తెలుగుదేశం 1983 జనవరిలో 294కు 201 స్థానాలు గెలిచింది. కాంగ్రెస్‌కు 60 మిగిలాయి. ఒక పార్టీ ఆధిక్యం ముగిసింది, కానీ ఆధిక్యమనే స్వభావం పోలేదు. విభజనానంతర రాష్ట్రంలోని 175 స్థానాలలో 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, తెలుగుదేశానికి 23 వచ్చాయి. 2024లో తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. రెండుసార్లూ ఓడిన ప్రధాన పక్షానికి పడిన ఓట్లు సుమారు 39 శాతం. 1955 నాటి గణితమే మళ్ళీ పనిచేసింది.

శింగనమలలో ఈ గణితం మరింత స్పష్టంగా కనబడుతుంది. 2019లో ఇక్కడి ఆధిక్యత దాదాపు 46 వేల ఓట్లు. ప్రతిపక్షం రాష్ట్రంలో 11 స్థానాలకు కుదించుకుపోయిన 2024లో మాత్రం ఇక్కడి తేడా 9 వేల లోపే. గెలుపు రాష్ట్ర ఫలితంతో కలిసినా, సమాజం దాదాపు సమానంగా చీలి ఉంది.

అయితే స్థానం గాలితోపాటే ఎందుకు కదులుతోంది? ఓటు వేసేనాటికి రాష్ట్ర ఫలితం ఎవరికీ తెలియదు గనుక, ఓటర్లు అధికారాన్ని అనుసరిస్తున్నారనడం సరికాదు. అభ్యర్థికి స్వంత పునాది ఏర్పడే అవకాశం తగ్గడం ఒక కారణమని నా అభిప్రాయం. 2014, 2019, 2024లలో వరుసగా మహిళలే ఇక్కడి నుంచి శాసనసభకు వెళ్ళారు. కానీ 2014లో గెలిచిన యామినీబాలకు 2019లో తెలుగుదేశం, 2019లో గెలిచిన జొన్నలగడ్డ పద్మావతికి 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్ ఇవ్వలేదు. దళిత ప్రాతినిధ్యం రాజ్యాంగం కల్పించిన హక్కు. దానిని అనుభవించే వ్యక్తి ఎవరన్నది మాత్రం పార్టీ అధిష్ఠానం నిర్ణయంగా మిగిలింది. అభ్యర్థులు మారుతున్నప్పుడు ఓటరు ఎదుట స్థిరంగా కనబడేది పార్టీ గుర్తు ఒక్కటే.

రెండవ కారణం నీరు. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో వేరుశనగ రైతుకు పంటల బీమా, పెట్టుబడి రాయితీ, తుంగభద్ర ఎగువ కాలువ నీరు అన్నీ ప్రభుత్వం నుంచే రావాలి. శింగనమల చెరువుకు నీటి కోసం తాను పోరాడవలసి వస్తోందని పద్మావతి 2024 జనవరిలో బహిరంగంగానే ఆవేదన వ్యక్తం చేశారు. 151 మంది సభ్యులున్న పాలకపక్షంలోని శాసనసభ్యురాలి పరిస్థితి అది. సభలో బలం ఎంత పెరిగితే ఒక్కొక్క సభ్యుని అవసరం పార్టీకి అంత తగ్గుతుందని దీనినిబట్టి ఊహించవచ్చు.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఆంధ్రలో ఏకపార్టీ ఆధిక్యం ప్రధానంగా సీట్ల ఆధిక్యం. 1955లోనూ, 2024లోనూ బలమైన ప్రతిపక్ష ఓటు శాసనసభలో ప్రతిఫలించలేదు.
2. అనంతపురంలో 1952 నాటి పోటీని కుల సమీకరణాలు మాత్రమే వివరించలేవు.
3. 1957, 1967లలో రాష్ట్ర ధోరణికి భిన్నంగా నిలిచిన ప్రాంతం నేడు దానిని ప్రతిబింబించడానికి అభ్యర్థుల అస్థిరత, కరువు వల్ల ప్రభుత్వంపై పెరిగిన ఆధారం ముఖ్య కారణాలు.
4. పాలకపక్షంతో కలిసి ఉండడం వల్ల నియోజకవర్గానికి నీరు సులభంగా వస్తుందన్న నమ్మకానికి శింగనమల అనుభవం బలం చేకూర్చదు.

గ్రామస్థాయి పోలింగ్ కేంద్రాల లెక్కలతో తరిమెల, ఇల్లూరు గ్రామాల ఓటు సరళిని అధ్యయనం చేస్తే ఈ ప్రతిపాదనలను మరింత నిశితంగా పరీక్షించవచ్చు. 'సెంటిమెంట్' అన్న మాట ఆ పరిశోధనకు ఆరంభం కావాలే గాని సమాధానం కాకూడదు.