మన విజయనగరం ఆడపడుచు – పి. సుశీల

రేడియోలో పాత పాట వస్తూంటే మనం ఏమంటాం? "ఇది సావిత్రి పాట", "ఇది జమున పాట" అంటాం. తెర మీద కనిపించిన మనిషి పేరే మన నోట వస్తుంది. పాడినావిడ పేరు తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. ఆ సావిత్రికీ, ఈ జమునకీ ఎన్నోసార్లు గొంతునిచ్చినది ఒక్కరే. ఆవిడ మన విజయనగరం ఆడపడుచు పులపాక సుశీల.

1935 నవంబరు 13న విజయనగరంలో పుట్టారు. తండ్రి ముకుందరావుగారు వకీలు. తల్లి శేషావతారంగారు. ఊరేమో సంగీతానికి పెట్టింది పేరు. 1919లో మహారాజా విజయరామ గజపతిరాజుగారు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఒక పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న తలపుతోనే ఆ కళాశాల పుట్టిందని పెద్దలు చెప్పుకుంటారు. మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన తర్వాత ఆ పీఠం మీద కూర్చున్నవారు ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాలగారు వారాలు చేసుకుని చదువుకున్నదీ ఇక్కడే. సుశీలగారు కూడా ఆ కళాశాలలోనే శాస్త్రీయ సంగీతం నేర్చి, డిప్లొమా పుచ్చుకున్నారు.

ఇక రేడియో సంగతి. మనం రేడియోవాళ్ళం కాబట్టి ఇది చెప్పుకోవడం మనకి గర్వంగా ఉంటుంది. 1950 ప్రాంతంలో సంగీత దర్శకులు పెండ్యాల నాగేశ్వరరావుగారికి కొత్త గొంతులు కావలసివచ్చి మద్రాసు రేడియో కేంద్రాన్ని అడిగారు. వాళ్ళు పరీక్ష పెట్టి అయిదుగుర్ని ఏరి పంపారు. ఆ అయిదుగురిలో నెగ్గినది మన సుశీలగారే. అలా "కన్నతల్లి"తో సినిమాలోకి వచ్చారు. ఆ తర్వాత ఏ.వి.ఎం. వారు నెలజీతం మీద పెట్టుకున్నారు. తమిళం పలుకు సరిగ్గా రావాలని ప్రత్యేకంగా ఒక మాస్టారిని కూడా కుదిర్చారు. ఆవిడ ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారంటే, తమిళులు ఈవిడని తమ ఇంటి పిల్లే అనుకున్నారు.

1955లో "మిస్సమ్మ" వచ్చింది. అందులో జమున పాటలు సుశీలగారివి. బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావుగారిదీ మన సాలూరు వైపే. 1963లో వచ్చిన "లవకుశ" చూడండి. సంగీతం ఘంటసాలగారిది. లవుడికీ కుశుడికీ పాడినవారు పి. లీల, సుశీల. ఇద్దరు ఆడవాళ్ళు ఇద్దరు మగపిల్లలుగా పాడితే ఊళ్ళకి ఊళ్ళు కంటతడి పెట్టాయి కదూ! అదే గొంతు "ముత్యాల ముగ్గు"లో కొత్త ఇల్లాలి మురిపెం పలికింది. "మేఘసందేశం"లో జయదేవుని అష్టపది పలికింది. ఒక గొంతు ఇన్ని వేషాలు వేయడం తేలికైన పనా?

ఆ రోజుల్లో పాట రికార్డు చేయడం ఇప్పటిలా కాదు. వాద్యాలవాళ్ళూ, పాడేవాళ్ళూ ఒకే వేళకి కూడి వాయించాలి, పాడాలి. చివరి చరణంలో ఎవరు తప్పినా మళ్ళీ పల్లవి నుంచీ మొదలు. మూడు నాలుగు నిమిషాల్లోనే భావమంతా చెప్పేయాలి. అమెరికాలో జాజ్ సంగీతానికి రాణి అనిపించుకున్న ఎల్లా ఫిట్జెరాల్డ్ అనే నల్లజాతి గాయని ఉండేది. 1934లో పదిహేడేళ్ళ వయసులో న్యూయార్కులో ఒక పోటీకి నాట్యం చేద్దామని వెళ్ళి, పాట పాడి నెగ్గింది. ఆవిడ కచేరీలో అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుంటూ పోయేది. మన సినిమా గాయనికి ఆ వెసులుబాటు లేదు. దర్శకుడు కట్టిన బాణీ దాటకుండానే, విన్నవాళ్ళకి ఇది కొత్తగా ఉందే అనిపించాలి. అదో విద్య, ఇదో విద్య. రెంటికీ సాధనే మూలం.

జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గాయని బహుమతి మొట్టమొదట అందుకున్నది సుశీలగారే. 1968 నాటి "ఉయర్ంద మనిదన్" అనే తమిళ చిత్రానికి వచ్చింది. మొత్తం అయిదుసార్లు ఆ బహుమతి వస్తే, రెండు తమిళానికీ, మూడు తెలుగుకీ. తెలుగువి "సిరిసిరిమువ్వ", "మేఘసందేశం", "ఎం.ఎల్.ఏ. ఏడుకొండలు". 2008లో పద్మభూషణ్ ఇచ్చారు. 2016లో గిన్నిస్ వారు లెక్కగట్టి, ఆరు భాషల్లో 17,695 పాటలని రాసుకున్నారు.

ఇప్పుడు అసలు మాట చెప్తాను. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి సంగీతం ఎందుకు చెప్పిస్తాం? పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడడానికి. పెళ్ళయ్యాక హార్మోనియం అటకెక్కుతుంది. శృతిపెట్టె మీద బియ్యం డబ్బా కూర్చుంటుంది. "ఇంకా పాటలేమిటే?" అనేది పరాయివాళ్ళు కాదు, మనమే. సుశీలగారికి 1957లో డాక్టరు మోహనరావుగారితో పెళ్ళయింది. లవకుశ ఆ తర్వాతిదే. అయిదు జాతీయ బహుమతులూ ఆ తర్వాతవే. మెడలో తాళి పడ్డాక పాట ఆగిపోయి ఉంటే ఎంత పోగొట్టుకునేవాళ్ళమో లెక్క వేసుకోండి.

అందరి పిల్లలూ సుశీలలు కారు, నిజమే. అయినా కోడలు పిల్ల సాయంత్రం ఒక అరగంట తంబురా పట్టుకుంటే సంసారం ఏమీ కూలిపోదు. అన్నం ఒక పావుగంట ఆలస్యమవుతుంది, అంతే. ఆ పావుగంట మనం చూసుకుందాం. పిల్లని పాడుకోనిద్దాం.