ఆకాశం నుంచి ఓరుగల్లు

సర్వే శాఖలో పనిచేసిన రోజుల్లో ఓరుగల్లు కోటను చాలాసార్లు చూశాను. తోరణాలు, బురుజులు, కందకం అన్నీ కనిపిస్తాయి. కాని నేలమీద నిలబడినవారికి ఆ నగరం రూపు అందదు. ఇస్రో వారు 2009లో ప్రారంభించిన ‘భువన్’లో ఉపగ్రహ చిత్రం చూసినప్పుడు పళ్లెం పెట్టినట్లు గుండ్రంగా కనిపించింది.

నడుమ స్వయంభూ శివాలయ స్థలం. చుట్టూ సుమారు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలతతో రాతికోట. దాని బయట సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోట. ఆ పైన హనుమకొండను కూడా కలుపుకొని మరో మట్టికట్ట. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, ఏ విమానమూ లేకుండా ఇంత గుండ్రంగా గీత గీసిన ఆ కొలతగాళ్లకు నా వంటి సర్వేయరు దండం పెట్టాల్సిందే!

1988 నాటి మన ఐఆర్ఎస్-1ఎ చిత్రాల్లో ఒక చుక్క అంటే ఎంత మేలైనా నేలమీద 36 మీటర్లు. 2005 నాటి కార్టోశాట్-1తో అది 2.5 మీటర్లకు వచ్చింది. పైగా మన కంటికి కనపడని పరారుణ కాంతిని కూడా ఉపగ్రహం పట్టుకుంటుంది. పూడిపోయిన కందకం మీద తేమ ఎక్కువసేపు నిలుస్తుంది కనుక అక్కడి పైరు ఏపుగా ఉంటుంది. పాతిపడిన గోడ మీద మన్ను పలుచన కనుక పైరు ముందుగా వాడుతుంది. ఆ తేడాయే చిత్రంలో గీతగా తేలుతుంది.

అయితే పైన ఇళ్లు లేచిన తరువాత ఈ విద్య పనిచేయదు. మన పాత నిజామాబాదు జిల్లాలోని బోధన్‌నే అశ్మక జనపద రాజధాని పోదనమని చాలామంది చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు ఉపగ్రహానికి అక్కడ కనిపించేది ఇంటికప్పులే. అమెరికా వారు 1960-72 మధ్య గూఢచర్యం కోసం తీసిన ‘కరోనా’ చిత్రాలను 1995లో బయటపెడితే, తరువాత దున్నేసిన, నీట మునిగిన ఎన్నో ఊరిదిబ్బలను సిరియా, ఇరాక్ ప్రాంతాల్లో పండితులు వాటిలోనే గుర్తించారు. పాత చిత్రానికి అంత విలువ.

మన పల్లెల్లో పాటిగడ్డల సంగతీ అంతే. బూడిదరంగు పాటిమన్ను సత్తువ అని బండ్లకొద్దీ చేలకు తోలారు. మిగిలిన మచ్చ పైనుంచి కనిపించినా, అది పాత ఊరా, ఇటుకబట్టీయా అన్నది దగ్గరకు పోయి పెంకులు చూసినవారే చెప్పాలి. భిక్నూరు చుట్టుపక్కల పల్లెల్లో రెవెన్యూ, సర్వే పనులు చేసిన సభ్యులు మనలో ఉన్నారు. మీరు ఎరిగిన పాటిగడ్డ ఏ ఊరి శివారులో, ఏ సర్వే నంబరులో ఉందో ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి.