కడితం నుండి మాహితి హక్కు దాకా



ప్రభుత్వ లెక్కను చూపమని అడగడం మన ప్రాంతంలో ఒకప్పుడు ఎంత కష్టమో తెలియాలంటే ముందుగా కడితం అంటే ఏమిటో తెలియాలి. నూలుగుడ్డకు జిగురు, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరిన తరువాత మడతలుగా పుస్తకంలా పేర్చేవారు. నల్లని ఆ గుడ్డ మీద బలపంతో తెల్లగా వ్రాసేవారు. మైసూరు సీమలో గ్రామ లెక్కలు, అంగడి పద్దులు ఇలా ఉండేవి. మైసూరు చరిత్ర వ్రాసిన విల్క్స్ దొర 19వ శతాబ్ది ఆరంభంలో దీనిని వర్ణించాడు. తడిగుడ్డతో తుడిస్తే వ్రాత పోతుంది. దాని మీదనే మరల వ్రాయవచ్చును. అటువంటి లెక్క వంశపారంపర్యంగా శానుభోగుని ఇంట ఉండేది. కందాయం కట్టే రైతు తన పేరిట ఏమి వ్రాసి ఉన్నదో శానుభోగుడు చదివి చెబితే వినవలసినదే.

అంతకు పూర్వపు శాసనాల సంగతి ఇంతకంటె మేలనిపిస్తుంది. గుడికిచ్చిన మాన్యాన్ని, చెరువు కట్టించినవానికిచ్చిన దశబంధాన్ని రాతి మీద చెక్కించి నలుగురు తిరిగే చోట నిలిపేవారు. బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా 10వ సంపుటం నాటి కోలారు జిల్లా శాసనాలది. మన బాగేపల్లి, గుడిబండ, చింతామణి అప్పుడు ఆ జిల్లాలోనివే. అందులో కన్నడ శాసనాల సరసన తెలుగు శాసనాలు కూడా కలవు. చదువగలిగినవారు కొద్దిమందే కావచ్చు, కాని అది దాచిన వ్రాత కాదు. మన పిల్లలకు ఈ సంగతి తెలుగు తరగతిలోనే చెప్పాలని నా అభిప్రాయం.

ఇక సర్కారు లెక్క, ప్రజల లెక్క వేరైనప్పుడు ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి చేరిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. మరణించినవారు 32 మంది అని నేడు విస్తృతంగా చెప్పుకుంటారు. ఆనాటి సర్కారు ఒప్పుకొన్న సంఖ్య అంతకంటె చాలా తక్కువ. విచారణకు మైసూరు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వేపా రామేశం గారిని నియమించింది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కచేరికి పోయి మీ కాగితం చూపండి అనడానికి ఆనాడు ఏ చట్టమూ లేదు. బ్రిటిషు ఇండియాలో అప్పటికే 1923 నాటి అధికార రహస్యాల చట్టం అమలులో ఉండెను. అదే చట్టం నేటికీ మన దేశంలో ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా చాలా కాలం ఇదే రీతి. 1961 చట్టంతో శానుభోగుల వంశపారంపర్య పదవులు రద్దయి, 1963 నుండి లెక్కలు సర్కారు ఉద్యోగుల చేతికి వచ్చాయి. చేయి మారినది గాని చూపే అలవాటు రాలేదు. ప్రజలకు తెలుసుకొనే హక్కు ఉన్నదని సుప్రీం కోర్టు 1975లో రాజ్ నారాయణ్ కేసులో అన్నది. ఆ మాటను వీధిలోకి తెచ్చినవారు మాత్రం రాజస్థాన్ కూలీలు. కరువు పనులకు సరైన కూలి రాక, హాజరు పట్టీలు చూపమని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తరఫున అడిగారు. 1994లో జన విచారణలు పెట్టి ఆ పట్టీలను బహిరంగంగా చదివించారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. చదువురాని కూలీ చదివి వినిపించమనడమే ఉద్యమం కావడం నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించే విషయం.

మన కర్ణాటక 2000లోనే సొంత చట్టం చేసింది. తరువాత 2005 అక్టోబరు 12 నుండి కేంద్ర సమాచార హక్కు చట్టం అమలులోనికి వచ్చింది. మన ఊళ్ళలో కన్నడ మాటనే తీసుకొని దీనిని మాహితి హక్కు అంటారు. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ముప్పది రోజులలో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. ఇవి చాలామందికి తెలిసినవే, వదిలివేస్తాను.

తెలియవలసినది 6వ సెక్షనులోని భాష సంగతి. అర్జీ ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలన్నది. 1963 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్ర అధికార భాష కన్నడం. కనుక ఇంటా బయటా తెలుగు మాటాడే బాగేపల్లి రైతు తెలుగులో వ్రాసిన అర్జీని తీసుకోవలసిన బాధ్యత కచేరికి లేదు. ఇప్పుడు రాజ్యాంగం 350వ అధికరణం చూడండి. కష్టం చెప్పుకొనే వినతిని ఎవరైనా, ఏ అధికారికైనా, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చును. అనగా "మా బడికి అయ్యవారు లేడు" అని తెలుగులో మొరపెట్టుకోవచ్చు, "ఎన్ని పోస్టులు మంజూరైనవి?" అని తెలుగులో అడిగే హక్కు మాత్రం లేదు. మొర కంటె ప్రశ్నకు బలమెక్కువ కదా, మరి తలుపు దానికే ఇరుకు చేశారు. ఇది న్యాయం కాదని నా మనవి.

అయినను అదే సెక్షనులో ఒక కిటికీ ఉన్నది. వ్రాయలేని వ్యక్తి నోటితో అడిగితే, దానిని వ్రాతలో పెట్టడానికి సమాచార అధికారి సహాయం చేయాలి. నోటితో అడిగేది కన్నడంలోనే ఉండాలని అక్కడ వ్రాసి లేదు. మన తాలూకాలలో తెలుగు అర్థం కాని ఉద్యోగి అరుదు.

మన తెలుగు బడుల తల్లిదండ్రులు ఏమి అడగాలి? "మా పిల్లలకు తెలుగు ఎందుకు చెప్పరు?" అంటే జవాబు రాదు. రికార్డులో ఉన్నదానినే ఇవ్వాలి గాని, లేని కారణాలను వెదకి కూర్చి చెప్పనక్కరలేదని సుప్రీం కోర్టు 2011లో తేల్చింది. (పరీక్ష వ్రాసిన విద్యార్థి దిద్దిన తన జవాబు పత్రాన్ని చూడవచ్చునన్నది కూడా ఆ తీర్పే; పదవ తరగతి పిల్లలకు చెప్పండి.) కనుక ఇలా అడగండి: ఫలానా సంవత్సరం ఈ బడిలో మంజూరైన తెలుగు ఉపాధ్యాయ పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, తెలుగు పాఠ్యపుస్తకాలు ఎన్ని కోరారు, ఎన్ని వచ్చాయి, ఏ తేదీన వచ్చాయి, ఆ పత్రాల నకళ్ళు. కర్ణాటక నియమం ప్రకారం అర్జీ ఒకే విషయంపై, 150 పదాలకు మించకుండా ఉండాలి. సంక్షేప లేఖనం నేర్పే మనకు ఇదొక చక్కని అభ్యాసం.

వ్యక్తుల పేర్లు కోరితే చిక్కు రావచ్చును. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ హక్కులోని మినహాయింపును వెడల్పు చేసింది. పేర్లు వదిలి సంఖ్యలు, తేదీలు, ఆదేశాల నకళ్ళు అడగడం క్షేమం. జవాబు రాకున్నా, నచ్చకున్నా ముప్పది రోజులలో మొదటి అప్పీలు, దాని తరువాత తొంబది రోజులలో రాష్ట్ర కమిషనుకు రెండవ అప్పీలు చేసుకోవచ్చు.

ఉద్యోగి మీ తెలుగు మాటను కన్నడంలో వ్రాసి ఇచ్చినప్పుడు వెంటనే వేలిముద్ర వేయకండి. ఒకసారి బిగ్గరగా చదివి వినిపించమనండి. అంకెలు, సంవత్సరం, బడి పేరు సరిగా పడినవో లేదో చూసుకోండి. ఆ తరువాత తేదీతో కూడిన రసీదు అడిగి తీసుకోండి.